రాజుగారి ఆకు శాలువా

ఒక పెద్ద అడవిలో అందరికీ ఒంటి నిండా బట్టలుండేవి. అన్నీ పుట్టుకతో వచ్చినవే. ఎలుగుబంటికి బొచ్చు, తాబేలుకి చిప్ప, జింకకి చుక్కల చర్మం, ఇక నెమలి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉతుకుడు లేదు, ఇస్త్రీ లేదు, పండక్కి కొత్తవి కావాలని ఇంట్లో గొడవ లేదు. ఇంత సుఖంగా ఉంటే ఎవరికైనా పొద్దుపోదు గదా. అందుకని ఆ అడవికి ఒక ఉద్యమం అవసరమైంది.

ఉద్యమాన్ని తెచ్చింది శుకవాణి అనే రామచిలుక. ఆవిడ ఆరేళ్ళపాటు పట్నంలో ఒక చిలక జోస్యుడి పంజరంలో పనిచేసింది. పిలవగానే బయటికి రావడం, ముక్కుతో ఒక కార్డు లాగి ఇవ్వడం, గింజ తీసుకుని లోపలికి పోవడం. ఆరేళ్ళూ కార్డులు పట్టుకున్న ముక్కు గనక తాను బాగా చదువుకున్నదాన్నని ఆవిడ నమ్మకం. ఒకనాడు జోస్యుడు తలుపు వేయడం మరిచిపోతే ఎగిరొచ్చేసింది. వచ్చేటప్పుడు దారిలో ఎవరో పారేసిన రంగుల పుస్తకంలోంచి నాలుగు పేజీలు కాళ్ళతో పట్టుకొచ్చింది.

వచ్చిన రెండో రోజే వాగు ఒడ్డున అందరినీ కూడగట్టి తన గురించి చెప్పుకుంది.

"నాకు జీవితంలో నాలుగే ఇష్టాలు. ఫ్యాషను, ఆర్టు, పుస్తకాలు, డిజైను. నాలుగూ సస్టెయినబుల్‌గా ఉండాలి. లేకపోతే నాకు నిద్ర పట్టదు."

"ఆ చివర చెప్పింది తినేదా?" అన్నాడు ఎలుగయ్య. ఆ ఎలుగుబంటికి పుట్టతేనె తప్ప వేరే ఇష్టాలు లేవు.

"తినేది కాదు అన్నయ్యా, మన్నేది. అంటే మనం వాడే వస్తువు చాలాకాలం ఉండాలి. దానివల్ల అడవికి హాని జరగకూడదు."

తాబేలు తాత మెడ బయటికి పెట్టి, "నేను నూట పదేళ్ళుగా ఈ చిప్పే తొడుక్కుంటున్నానమ్మా. ఇంకా గట్టిగానే ఉంది. నాది లెక్కలోకి వస్తుందా?" అన్నాడు.

శుకవాణి తాతను పైనుంచి కిందికి చూసింది. "మీది ఫ్యాషన్ కాదు తాతగారూ, మొండితనం" అంది. అందరూ నవ్వారు. తాత మెడ లోపలికి తీసుకున్నాడు, మళ్ళీ ఈ కథలో బయటపెట్టలేదు.

ఈ మాటలన్నీ నెమలి మయూరభూషణం గారు చెవికోసుకుని విన్నారు. అడవిలో అందమనేది ఎక్కడ చర్చకొచ్చినా అధ్యక్షత తనదేనని ఆయన పుట్టినప్పటినుంచీ అనుకుంటున్నారు. పక్కనే నక్క జంబుకరావు నిలబడ్డాడు. ఇతను ఏ సంఘానికైనా కార్యదర్శి. సంఘం దేనికోసమన్నది అతనికి పట్టదు గాని, తీర్మానం మాత్రం నిమిషంలో రాసిపెడతాడు. సాయంత్రానికల్లా "సుస్థిర సౌందర్య సమితి" పుట్టింది.

మొదటి సమావేశంలో శుకవాణి తన నాలుగు పేజీల్లో ఒకటి పరిచింది. అందులో ఒక మనిషి ఆకుల బొమ్మలున్న బట్ట కట్టుకుని నవ్వుతున్నాడు. "ఒంటి మీద తోలు, బొచ్చు, ఈకలు వేసుకోవడం క్రూరత్వమని ఇందులో రాశారు" అందామె.

సభ్యులు ఒకరి ఒళ్ళు ఒకరు చూసుకున్నారు.

"మరి మనకున్నది తోలే గదా. దీన్ని ఏం చేయమంటావు?" అని ఎలుగయ్య బెంగగా అడిగాడు.

జంబుకరావు గొంతు సవరించుకున్నాడు. "ఉన్నదాన్ని తీయలేం. కాని పైన ఆకు కప్పుకుంటే కనబడదు. కనబడకపోతే నియమం పాటించినట్టే లెక్క. తీర్మానం రాసుకోండి. సభ్యులందరూ ఇకపై ఆకు వస్త్రాలే ధరించాలి. అధ్యక్షుల వారి ఈకలు మాత్రం అడవి వారసత్వ సంపద గనక వాటికి మినహాయింపు."

మయూరభూషణం గారు వినయంగా తల వంచి మినహాయింపును స్వీకరించారు.

ఆకులు కుట్టాలంటే అడవిలో ఒక్కతే ఉంది. కుట్టుపిట్ట బుల్లెమ్మ. బొటనవేలంత పిట్ట. వాగు ఒడ్డున ఒక చిన్న మేడి చెట్టు మీద ఆ రోజుల్లోనే గూడు మొదలుపెట్టింది. దాని పని చూడముచ్చటగా ఉంటుంది. పచ్చి ఆకు అంచుల్లో ముక్కుతో చిన్న చిన్న బెజ్జాలు పొడుస్తుంది. సాలెపురుగు దారం, బూరుగు దూది తెచ్చి ఆ బెజ్జాల్లోంచి దూర్చి, రెండంచులూ దగ్గరికి లాగి సంచిలా కుడుతుంది. ఆకు తొడిమ మాత్రం తెంపదు. ఆకు చెట్టుకే ఉంటుంది, పచ్చగానే ఉంటుంది, లోపల గూడుందని పక్క కొమ్మ మీదివాడికి కూడా తెలీదు.

ఆ ఏడు బుల్లెమ్మకు తొందర ఎక్కువ. కిందటేడు గూడు ఆలస్యమై, పూర్తికాకుండానే మొదటి వాన పడి నాలుగు గుడ్లూ వాగులో కొట్టుకుపోయాయి. ఆ బాధ దాని కడుపులోంచి ఇంకా పోలేదు. ఈసారి వానలకు నెల రోజులుంది. ఎట్లాగైనా ఈలోగా గూడు కుట్టుకుని గుడ్లు పెట్టాలి. దాని బతుక్కి ఆ వేసవిలో ఉన్న పని అదొక్కటే.

సమితి ముగ్గురు పెద్దలూ చెట్టు కిందికి వచ్చేసరికి బుల్లెమ్మ ముక్కులో దారం ఉంది.

"అద్భుతం! ఆ కుట్లు చూడండి, ఆ వంపు చూడండి. నువ్వు పిట్టవి కావమ్మా, కళాకారిణివి" అన్నారు మయూరభూషణం గారు.

బుల్లెమ్మ దారం వదల్లేదు. దాని మొగుడు గవరయ్య మాత్రం పురుగు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో తన పెళ్ళాన్ని ఎవరూ ఆ మాట అనగా అతను వినలేదు.

"ఈ ఆకు మాకు నమూనాగా కావాలి. సమితి తరఫున తెంపుకుపోతాం" అన్నాడు జంబుకరావు.

"తెంపితే ఎట్లా బాబూ? అది నా గూడు. అయినా తెంపిన ఆకు ఎన్నాళ్ళుంటుంది? మా కుట్టుపనిలో తొడిమ తెంపడమన్నదే లేదు" అంది బుల్లెమ్మ.

శుకవాణి జాలిగా నవ్వింది. "అదేనమ్మా నీకు తెలియంది. చెట్టుకు ఉన్నంతసేపూ అది ఉత్త ఆకు. తెంపి తగిలిస్తేనే కళ."

గవరయ్య పెళ్ళాం చెవిలో, "ఒక్క ఆకే గదే. పేరొస్తుంది. మళ్ళీ కుట్టుకోలేవా ఏం?" అన్నాడు.

"పేరులో గుడ్లు పెట్టమంటావా?" అంది బుల్లెమ్మ. కాని ముగ్గురు పెద్దవాళ్ళు ఎదురుగా నిలబడి పొగుడుతుంటే బొటనవేలంత పిట్ట ఎంతసేపు కాదనగలదు? పైగా జంబుకరావు, "ఈ చెట్టును ఇవాళ్టినుంచి సమితి సంరక్షణలోకి తీసుకుంటున్నాం. ఇక ఎవరూ దీని ఆకు ముట్టుకోరు" అని మాటిచ్చాడు. ఆకు తెంపుకుపోయారు.

చెట్టుకు ఒక బోర్డు కట్టారు. "ఈ చెట్టు సమితి సంరక్షణలో ఉంది." దాని అర్థం మర్నాటికి తెలిసింది. వేరేవాళ్ళెవరూ ముట్టుకోకూడదు, సమితివాళ్ళు ముట్టుకోవచ్చు. ఎలుగయ్యకు చొక్కా కావాలన్నారు. ఎలుగుబంటి చొక్కాకి ఆకులు తక్కువ పడతాయా? సగం చెట్టు పోయింది.

రోహిణీ కార్తె ఎండలో, ఒంటి నిండా బొచ్చు మీద, ఆకు చొక్కా వేసుకుని ఎలుగయ్య అడవంతా తిరిగాడు. చెమట కారుతోంది. ఎవరైనా పలకరిస్తే, "చల్లగా ఉంది, చాలా సహజంగా ఉంది" అని చెబుతున్నాడు. అట్లా చెప్పాలని అతనికి రాసిచ్చారు.

మూడో రోజుకి చొక్కా ఎండిపోయి అంచులు విరిగాయి.

"ఇదేమిటి, మన్నేదన్నారు?" అన్నాడు ఎలుగయ్య.

"ఎండిపోవడం దీని సహజ గుణం అన్నయ్యా. అందుకే ఇది మంచిది. ఇది వదిలేసి పచ్చిది వేసుకో" అంది శుకవాణి.

దాంతో చాలాకాలం మన్నే బట్టను మూడు రోజులకోసారి మార్చడం ఆచారమైంది. సమితిలో చేరేవాళ్ళు పెరిగారు. కుందేళ్ళు, ముంగిసలు, అడవిపందులు కూడా చేరాయి. పందులకి ఆకు చొక్కాలు వేస్తే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే అభిరుచి లేదంటారని భయం.

కుట్టేది మాత్రం బుల్లెమ్మ ఒక్కతే. పొద్దున్నే సమితి పని, సాయంత్రం తన గూడు. సాయంత్రం కుట్టుకున్నది పొద్దున వచ్చి తెంపుకుపోయేవారు. కుట్టి ఉన్న ఆకైతే మళ్ళీ కుట్టించే పని తప్పుతుందని వాళ్ళ సౌకర్యం. అట్లా నాలుగు గూళ్ళు పోయాయి. దాని ముక్కు చివర పగిలి రక్తం కారేది. అది చూసి శుకవాణి, "చేతిపనిలో ఉండే ఆత్మ ఇదే" అని సభలో చెప్పింది.

వాగు ఒడ్డు మేడి చెట్లు మోడులైపోయాయి. విస్తళ్ళు కుట్టే అడ్డతీగలు కూడా అంతే. మేతకి ఆకు లేదు, ఎండకి నీడ లేదు. జింకల పెద్ద చుక్కమ్మ కోపంతో సమితి ఆఫీసుకొచ్చింది.

"ఏమయ్యా జంబుకరావూ, అడవిని కాపాడతామని చెట్లన్నీ దూసేశారేం? మా పిల్లలు ఏం తినాలి?"

"మీ ఫిర్యాదు తప్పకుండా పరిశీలిస్తాం. రాతమూలకంగా ఇవ్వండి. ఒక ఆకు మీద రాసిస్తే చాలు" అన్నాడు జంబుకరావు.

"ఆకు ఎక్కడుంది నా మొహం!"

"అయితే ఫిర్యాదు లేనట్టే గదా" అని అతను తర్వాతి కాగితం చూసుకున్నాడు.

నిజానికి అడవిలో ఒక్క చెట్టుకి నిండా ఆకులున్నాయి. కొండవాలులో పెద్ద మేడి చెట్టు. అది మయూరభూషణం గారి నివాసం. అధ్యక్షుల వారి చెట్టు దూస్తే ఆయన నేపథ్యం పాడవుతుందని ఎవరూ దాని జోలికి పోలేదు.

ఇక వానలకు పద్నాలుగు రోజులుందనగా జంబుకరావు బుల్లెమ్మ దగ్గరికి ఒక్కడే వచ్చాడు.

"బుల్లెమ్మా, ఇదే ఆఖరి పని. మన సమితి ప్రదర్శన పెడుతోంది. రాజుగారు వచ్చి ప్రారంభిస్తారు. ఆయనకు శాలువా కప్పి సన్మానం చేయాలి. రాజుగారి శాలువా నువ్వే కుట్టాలి."

"నా ఒంట్లో బాగాలేదు బాబూ. రోజులు దగ్గర పడ్డాయి. ఈ చెట్టుకి ఆఖరున ఒకే ఒక్క వెడల్పాటి ఆకు మిగిలింది. దాంట్లో గూడు కుట్టుకోనివ్వండి."

"ఆ ఆకు నీదే. నా మాట. శాలువా అయ్యాక నిన్నెవరూ పిలవరు." కాస్త ఆగి గొంతు తగ్గించి, "ఒక్క సంగతి. శాలువా జారకూడదు. రాజుగారి భుజం మీద నుంచి అది జారితే ఇక్కడ చాలామంది తలకాయలు జారతాయి. మెడ కింద, పొట్ట కింద గట్టిగా కుట్టాలి. ఎవరు లాగినా ఊడకూడదు" అన్నాడు.

"నా కుట్టు ఊడదు" అంది బుల్లెమ్మ. ఒంట్లో ఓపిక లేకపోయినా పనిమీద దానికున్న పౌరుషం పోలేదు.

పక్క కొండల నుంచి కూడా ఆకులు తెప్పించారు. అయిదు రోజులు కుట్టింది. మెడ దగ్గర ఒక ఆకు తక్కువైంది. బుల్లెమ్మ దారం కోసం పోయి వచ్చేసరికి తన ఆఖరి ఆకు తెంపి శాలువా మీద పెట్టి ఉంది.

పిట్ట కొమ్మ మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. గవరయ్య పక్కన చేరి, "రాజుగారి మెడ దగ్గరే వేశారే. అక్కడైతే అందరికీ కనబడుతుంది" అన్నాడు. ఆ మాటకి దానికి మొగుణ్ణి పొడవాలనిపించింది. పొడిచింది కూడా.

ప్రదర్శన ఘనంగా జరిగింది. ఆ రోజు వేట ఉండదని జంబుకరావు రాజుగారి చేత ముందే ఒప్పించాడు గనక అందరూ ధైర్యంగా వచ్చారు. ఒక బండ మీద శుకవాణి నాలుగు పేజీలు పెట్టి "గ్రంథాలయం" అని రాశారు. పగిలిన కుండ పెంకు ఒకటి పెట్టి "గతం" అన్నారు. మధ్యలో ఒక ఎండు పుల్ల నిలబెట్టారు. దాని చివర తెగిన తొడిమ ఉంది. కింద "లేమి" అని పేరు రాశారు.

ఆ పుల్లను బుల్లెమ్మ గుర్తుపట్టింది. అది తన కొమ్మ. అప్పుడు ఏడుపు ఆగలేదు.

"చూశారా, కళ ఎట్లా కదిలిస్తుందో!" అని మయూరభూషణం గారు పదిమందికి చూపించారు. కుందేళ్ళు కూడా ఎందుకైనా మంచిదని కళ్ళు తుడుచుకున్నాయి.

పులిరాజుగారు వచ్చారు. ఆయన పాతకాలం మనిషి, అంటే పాతకాలం పులి. కళ గురించి ఏమీ తెలీదు గాని సన్మానమంటే ఇష్టం. మయూరభూషణం గారు గంటసేపు మాట్లాడారు. తర్వాత నలుగురు కలిసి శాలువా కప్పారు. బుల్లెమ్మ మెడ కిందా పొట్ట కిందా ఆఖరి కుట్లు వేసింది. పచ్చటి శాలువాలో నల్ల చారల పసుపు పులి నిజంగానే బాగున్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు శాలువా ఎండిపోయింది.

రాజుగారు వేటకు బయల్దేరారు. ఒక అడుగు వేస్తే గల. రెండో అడుగుకి గలగల. పొంచి కూర్చుంటే, ఊపిరి తీసినప్పుడల్లా గరగర. అర మైలు దూరంలో ఉన్న జింకలు తీరిగ్గా లేచి, ఒళ్ళు విరుచుకుని, వేరే చోటికి నడిచి వెళ్ళాయి. పరుగెత్తాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆ రోజు రాజుగారు పస్తు. మర్నాడూ పస్తే.

పళ్ళతో శాలువా లాగి చూశారు. ఊడలేదు. చెట్టుకేసి రుద్దుకున్నారు. ఆకులు నలిగి ఇంకా ఎక్కువ చప్పుడు చేశాయి.

మూడో పస్తు రోజున చుక్కమ్మ నాయకత్వంలో జింకలు ఒక ప్రతినిధి వర్గంగా వచ్చి, వాగుకి అవతలి ఒడ్డున మర్యాదగా నిలబడ్డాయి.

"మహాప్రభూ, ఆ శాలువా తమరికి ఎంత హుందాగా ఉందో చెప్పలేం. తమరు దాన్ని జీవితాంతం ధరించాలని ప్రజలందరి కోరిక" అంది చుక్కమ్మ.

మొన్నటిదాకా సమితిని తిట్టిపోసిన చుక్కమ్మ ఇప్పుడు దానికి శాశ్వత సభ్యురాలు. జింక పిల్లలు మొదటిసారి ఎండపూట ఆదమరిచి నిద్రపోతుంటే ఏ తల్లికి కళాభిరుచి పుట్టదు?

రాజుగారు పొగడ్తకి లొంగినా కడుపు లొంగలేదు. జంబుకరావును పిలిపించారు.

"ఇది తీయించు."

"ప్రభూ, తీస్తే సన్మానానికి అవమానం..."

"రేపు మధ్యాహ్నంలోగా తీయించు" అన్నారు రాజుగారు. ఆ గొంతులో ఉన్న ఆకలి విని నక్క వెనకడుగులతోనే బయటపడ్డాడు.

ఊడదీయగలిగింది కుట్టిన పిట్టే. జంబుకరావు పరుగున బుల్లెమ్మ దగ్గరికి వచ్చాడు. ఈసారి పొగడ్తలు లేవు. "అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ కుట్లు విప్పు."

బుల్లెమ్మ మోడుకొమ్మ మీద కూర్చుని ఉంది. ఆకాశంలో అక్కడక్కడ మబ్బు కనబడుతోంది. ఇక మూడు రోజులు.

"విప్పుతాను. నాకు ఒక ఆకు కావాలి. చెట్టుకున్న ఆకు."

"ఆకు ఎక్కడుందమ్మా?"

"అధ్యక్షుల వారి చెట్టుకి ఉన్నాయి. నేనేమీ తెంపను. ఒక మూల కొమ్మకి ఒక ఆకు కుట్టుకుంటాను. పిల్లలకి రెక్కలొస్తే వెళ్ళిపోతాను."

నక్క ఆ కబురు మోసుకుపోయింది. మయూరభూషణం గారి మొహం మాడిపోయింది. "నా చెట్టు మీద కూలి పిట్ట కాపురమా? పొద్దున్నే పిల్లల గోల, కింద రెట్టలు! ఆవిడ పనంటే నాకు ప్రాణమే, కాదనను. కాని పని వేరు, పనిమనిషి వేరు."

"ప్రభువుల గడువు రేపు మధ్యాహ్నం" అన్నాడు జంబుకరావు.

"అయితే రేపు మధ్యాహ్నం అత్యవసర సమావేశం పెట్టండి. చర్చిద్దాం."

మర్నాడు ఎండ నడినెత్తి మీదికొచ్చేసరికి పెద్ద మేడి చెట్టు కింద చుక్కమ్మ తప్ప సమితి సభ్యులందరూ చేరారు. పచ్చి ఆకు దొరక్క అందరి ఒంటి మీదా వారం కిందటి బట్టలే. ఒకరు కదిలితే గలగల, ఇంకొకరు తల ఊపితే గరగర. ఎలుగయ్య చొక్కా అయితే తుమ్మినప్పుడల్లా పొడి రాలుతోంది.

"పిట్ట అడిగింది ఒక్క ఆకే గదా, ఇచ్చేయండి" అన్నాడు ఎలుగయ్య.

"ఇవాళ ఒక ఆకు అంటారు. రేపు కళాకారులందరూ ఇళ్ళు అడుగుతారు" అంది శుకవాణి.

"ఉపసంఘం వేద్దాం" అన్నారు మయూరభూషణం గారు.

జంబుకరావు లేచాడు. "తీర్మానం రాసుకోండి. కుట్టుపిట్ట కోరికను సానుభూతితో పరిశీలించడానికి ముగ్గురు సభ్యులతో..."

అడవిలో ఉన్న మిగతా జంతువులన్నింటికీ అప్పటికే రాజుగారి చప్పుడు వినబడింది. కుట్టుపిట్ట చెవులకీ వినబడింది. చుక్కమ్మ మంద కొండ దాటిపోయింది. ఆ చెట్టు కింద ఉన్నవాళ్ళకి మాత్రం ఏమీ తెలియలేదు. వాళ్ళ గలగలల్లో రాజుగారి గలగల కలిసిపోయింది. ఎవరో సభ్యుడు ఆలస్యంగా వస్తున్నాడనుకున్నారు.

"ముగ్గురు సభ్యులతో ఒక..." అని జంబుకరావు మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తీర్మానం పూర్తికాలేదు. కార్యదర్శే పూర్తయిపోయాడు.

తర్వాత జరిగిన తొక్కిసలాట చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. పొదల్లో దాక్కుందామని పోయిన ప్రతివాడూ తన చొక్కా చప్పుడుకి తానే బయటపడ్డాడు. ఎలుగయ్య చొక్కా చించి పారేసి, పుట్టినప్పటి బొచ్చుతో కొండెక్కాడు గనక బతికాడు. మయూరభూషణం గారు ఎగరబోతే వారసత్వ సంపద మీద రాజుగారి కాలు పడింది. తోక అక్కడ వదిలేసి ఆయన పక్క అడవికి పారిపోయారు. అక్కడ ప్రస్తుతం నిరాడంబరత మీద ఉపన్యాసాలు ఇస్తున్నారట. శుకవాణి తిన్నగా పట్నం వెళ్ళి పంజరంలో దూరి, తలుపు తానే మూసుకుంది.

పెద్ద మేడి చెట్టు ఖాళీ అయింది. ఆ సాయంత్రమే బుల్లెమ్మ ఒక మూల కొమ్మ చూసుకుంది. ముక్కు నొప్పిగానే ఉంది. అయినా కుట్టింది. ఈసారి గవరయ్య నోరు మూసుకుని దూది మోశాడు. మర్నాటికి గూడైంది, ఆ మర్నాడు మొదటి గుడ్డు పెట్టింది. ఆ సాయంత్రం వాన వచ్చింది. వాగు పొంగింది, కొమ్మలు విరిగాయి. ఆకు సంచి అటూ ఇటూ ఊగింది గాని తొడిమ వదల్లేదు. లోపల గుడ్డు మీద బుల్లెమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. కిందటేడు పోయిన నాలుగు గుడ్లు గుర్తొచ్చాయి దానికి. కడుపారా ఏడ్చింది, తర్వాత హాయిగా నిద్రపోయింది.

ఆ వానకే రాజుగారి శాలువా నాని, కుళ్ళి, ముక్కలుగా రాలిపోయింది. కుట్లు మాత్రం మెడకి దండలా మిగిలాయి. రాజుగారి అడుగులు మళ్ళీ చప్పుడు లేకుండా పడసాగాయి. మూడు రోజుల్లో జింకల మందలో ఇద్దరు తగ్గారు.

నాలుగో రోజు చుక్కమ్మ పరుగున మేడి చెట్టు కిందికి వచ్చింది. వెనక పది మంది జింకలు, నోట్లో కొత్త చిగుళ్ళు, తీగలు.

"బుల్లెమ్మా, మేం కొత్త సమితి పెట్టాం. రాజుగారికి మళ్ళీ సన్మానం చేయాలి. ఆకులన్నీ మేమే కోసుకొచ్చాం. నువ్వు ఒక్క శాలువా కుట్టి పెడితే చాలు. మా పిల్లల ప్రాణాలు నీ చేతిలో ఉన్నాయి."

బుల్లెమ్మకు వాళ్ళని చూస్తే జాలేసింది. వాళ్ళ నోట్లో ఉన్న చిగుళ్ళు చూస్తే ఒళ్ళు మండింది. ఆకులో నుంచి తల బయటికి పెట్టింది.

"చుక్కమ్మక్కా, తెంపిన ఆకు ఇక కుట్టను. అంతగా కావాలంటే రాజుగారినే ఇక్కడికి పిలుచుకురా. చెట్టుకున్న ఆకులతోనే ఆయన్ని కొమ్మకి కలిపి కుట్టేస్తాను. నా కుట్టు ఊడదని ఆయనకు తెలుసు."

జింకలు చిగుళ్ళు కింద పెట్టి సమావేశమయ్యాయి. రాజుగారిని ఎవరు పిలుచుకురావాలన్న విషయం మీద వాళ్ళ సమితిలో ఇంకా చర్చ నడుస్తూనే ఉంది.

నీతి: రాజుగారికి ఎన్ని సన్మానాలైనా చేయండి, మీరు మాత్రం శాలువా కప్పుకోకండి.